తులం సంగతి తేల్చండి సార్: ఒక అవుసలాయన బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. నేను దేవరకొండలో బంగారం, వెండి పని చేసుకునే అవుసలి వాడిని. మీకు ఇది నా నాలుగో అర్జీ. మొదటిది ఒక సోమవారం పొద్దున లైన్లో నిలబడి ఇచ్చాను, రసీదు నా దగ్గరే ఉంది. రెండోది రిజిస్టర్ పోస్టులో మీ పేషీకి పంపాను, అందినట్టు కార్డు వచ్చింది. మూడోది మీరు మా వైపు ఒక పెళ్లికి వచ్చినప్పుడు మీ చేతికే ఇచ్చాను. మీరు నవ్వి పక్కనున్నాయనకు అందించారు, ఆయన నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. ఆ జేబు దాకా నాకు తెలుసు. ఆ తర్వాత దాని గతి ఏమైందో తెలియదు. అందుకే ఈసారి నలుగురూ చదివేటట్టు రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

విషయం తులం బంగారం. ఏ తులమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆడపిల్ల పెళ్లికి లక్ష రూపాయలతో పాటు తులం బంగారం కూడా ఇస్తామని 2023 ఎన్నికలప్పుడు మీ పార్టీవాళ్లు చెబితే, మా బజారులో రోజుకు పదిసార్లు మైకులో తిరిగిన తులమే.

ఆ మాట నమ్మి ఆడపిల్లల తల్లిదండ్రులు ఎదురుచూస్తున్నారని పేపర్లలో వస్తూనే ఉంది. నిజమే. కానీ వాళ్లకు షూరిటీగా నిలబడింది మాత్రం నేను. మీరు అడగలేదు, నేను సంతకం పెట్టలేదు, అయినా షూరిటీని నేనే అయ్యాను. ఎట్లాగో కొంచెం ఓపికగా వినండి.

2024 మాఘమాసం. ఎన్నికలైపోయి రెండు నెలలు. చుట్టుపక్కల తండాల్లో పెళ్లిళ్లు జోరు మీదున్నాయి. మా నాయిన కాలంలో తండాల పనంటే వెండి పనే, లంబాడీ ఆడవాళ్లు జుట్టుకు పెట్టుకునే టోప్లీలు, ఘుగ్రీలు, ఇంకా కడియాలు. ఇప్పుడు వాళ్లకూ పుస్తెలు, మట్టెలు, ఎంగేజ్‌మెంట్ ఉంగరాలు కావాలి. ఒకాయన బిడ్డను వెంటబెట్టుకొని వచ్చాడు. పళ్లెంలో బియ్యం, పసుపు, కొబ్బరికాయ, తమలపాకులు తెచ్చాడు. అన్నీ ఉన్నాయి, బంగారం కొనే పైసలే లేవు. "చారన్నా, పత్రికలు పంచినం. పుస్తెలు కట్టు, పిల్లగానికి ఉంగరం చెయ్యి. సర్కారు తులం రాంగనే మొదట నీ బాకీనే తెంపుత" అన్నాడు. పక్కన నిలబడ్డ పిల్ల నేల చూస్తోంది. ఆ పళ్లేన్ని వెనక్కి ఎట్లా పంపుతాం సార్? ముహూర్తం చూసుకొని కొబ్బరికాయతో వచ్చినవాళ్లను మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ తిప్పి పంపలేదు.

పని పట్టాను. రెండు పుస్తెలు నాలుగు గ్రాములు, ఉంగరం మూడు గ్రాములు. పుట్టింటి పుస్తె, అత్తింటి పుస్తె బరువులో వెంట్రుకవాసి తేడా ఉండకూడదని వాళ్ల పెద్దావిడ పట్టు. ముద్దను దాగలి మీద పెట్టి సుత్తితో రేకు సాగదీసి, నడుమ బొడుపు తీసి, తాడు పోయే చెవిని వెలిగారం పెట్టి అతికించి, చింతపండు నీళ్లలో కడిగి త్రాసులో వేస్తే ఒకటి రవ్వంత బరువు తూగింది. ఆకురాయి రెండు గీతలు గీసి మళ్లీ తూచాను. అట్లా నాలుగుసార్లు. పిల్లగాడేమో హైదరాబాద్‌లో డెలివరీ పనిలో ఉన్నాడు, కొలతకు రావడానికి సెలవు లేదు. వేలికి దారం చుట్టి, ముడేసి, ఆ దారాన్ని తండాకు వచ్చే మనిషితో పంపాడు. దారం సాగుతుంది కదా, అందుకని కొలత రవ్వంత తగ్గించి చేశాను. లోపలి వైపు ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలు చెక్కాను. పెళ్లినాడు కణుపు దగ్గర ఒక్క క్షణం ఆగి దిగింది. నాకైతే ప్రాణం లేచి వచ్చింది.

ఇట్లా ఆ మాఘ ఫాల్గుణాల్లో పదకొండు ఇళ్ల వాళ్లకు ఉద్దెర పని చేశాను. మొత్తం 52 గ్రాములు. మజూరీ, తరుగు లెక్కలో వేయలేదు, అవి అడిగే మొహం కూడా లేదు ఇప్పుడు.

ఇక్కడే అసలు కథ. బిడ్డల తండ్రులు నా నోటుబుక్కులో బాకీ రాసుకున్నది రూపాయల్లో. అప్పుడు తులం 63 వేల దగ్గర ఉంది, అంటే 52 గ్రాములకు 3,27,600. నేను టౌన్లో బంగారం వ్యాపారి దగ్గర తెచ్చుకున్నది మాత్రం గ్రాముల్లో. మాకు అంతటా అదే పద్ధతి. గ్రాము తెస్తే గ్రామే కట్టాలి, ఆ రోజు ధర ఎంతున్నా సరే. 2025 ఏప్రిల్‌లో తులం లక్ష ముట్టింది. నాకు రావాల్సిన బాకీ నోటుబుక్కులో అక్కడే కూర్చుంది, నేను ఇవ్వాల్సింది అయిదు లక్షల ఇరవై వేలు దాటింది. పాపం, కొందరు కూలికి పోయి వచ్చిన డబ్బులతో కొంత కట్టారు. వసూలైంది లక్షా పది వేలు. ఆ రోజుల్లోనైతే దాంతో పదిహేడు గ్రాములు తీరేవి. తులం లక్ష దాటాక నిండా పదకొండు కూడా తీరలేదు. రోలింగ్ మిషన్ అమ్మేశాను, దాంతో ఇంకో ఆరు గ్రాముల దాకా పోయింది. ముప్ఫై అయిదు గ్రాముల పైన ఇంకా నా మెడకే ఉంది. ఇప్పుడు పట్టీ, తీగ అన్నీ సుత్తితో, కమ్మచ్చుతో లాగుతున్నాను, మా నాయిన చేసినట్టే. పెద్ద ఊళ్లలో దీన్ని చేతిపని అని చెప్పి మజూరీ ఎక్కువ తీసుకుంటారట. మా దగ్గర మాత్రం "మిషన్ ఎందుకు అమ్మినవ్ చారన్నా" అని అడుగుతారు.

ఆడపిల్ల పెళ్లికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి చెక్కు వస్తోంది కదా అని మీ పక్కనున్నవాళ్లు అంటారు. వస్తోంది, కాదనను. ఆ 1,00,116 రూపాయలు 2018లో ఖరారైనవి. అప్పుడు తులం ముప్ఫై వేల చిల్లర, చెక్కు చేతికి వస్తే మూడు తులాలు వచ్చేవి. ఇప్పుడు అదే చెక్కుతో ఒక్క తులం కొనడమే కష్టం. అదైనా పెళ్లి పందిరి తీసేలోపు వస్తుందా? నేను ఉంగరం చేసిన ఇంట్లో చెక్కు వచ్చేసరికి పిల్లకు ఏడో నెల. ఆ డబ్బులు ఆసుపత్రికి పోయాయి. నా బాకీ కట్టలేదని వాళ్లను నేనెట్లా తిట్టను?

పోయిన నెల ఆ పిల్ల బజారులో ఎదురైంది. చంకలో బాబు. నన్ను చూసి చప్పున పక్క సందులోకి మళ్లింది. కాలికి ఉన్నవి నేను చేసిన మట్టెలే, ఆ చప్పుడు నాకు తెలుస్తుంది. సందు చివరిదాకా వినబడింది. ఇదేం పరిస్థితి సార్? ఆమె ఏం తప్పు చేసిందని తప్పుకోవాలి? తప్పుకోవాల్సినవాళ్లు ఎవరో మీకు తెలుసు.

కొంచెం కోపంగా రాసినట్టున్నాను. క్షమించండి.

ఒకవేళ మీరు తులం ఇచ్చినా నాకు ఇంకో భయం ఉంది. ఎవరో పెద్ద కంపెనీకి టెండర్ ఇచ్చి బిళ్లలు పంచుతారు. స్టేజీ మీద ఫొటోలు దిగుతారు. ఆ బిళ్ల మెడకు కట్టడానికి పనికిరాదు కదా, తిరిగి నా దగ్గరికే రావాలి. మేలిమి పది గ్రాములకు తొమ్మిది వందల మిల్లీ చిల్లర రాగి, వెండి కలిపి మూసలో కరిగిస్తేనే 22 క్యారెట్లు, అప్పుడే పుస్తెకు గట్టితనం. లేదంటే మిషన్ మీద అచ్చు గుద్దిన పుస్తెలే పంచుతారు, అప్పుడు నా దాగలిని అటక మీద పెట్టుకోవాలి. పుస్తెల పని మండలంలో చేతిపనివాళ్లకే ఇస్తామని ఒక్క వాక్యం జీవోలో రాస్తే ఖజానాకు పైసా ఖర్చు కాదు. హాల్‌మార్క్ మాట తెస్తారేమో, రెండు గ్రాముల లోపు నగకు అది తప్పనిసరి కాదని రూల్సే చెబుతున్నాయి. ఒక్కో పుస్తెను రెండు గ్రాములకు రవ్వంత తగ్గించి చేస్తే సరి. అన్నట్టు పాత లెక్కలో తులమంటే 11.66 గ్రాములు. మీరు పది గ్రాములే అన్నారు. పోనివ్వండి, ఆ గ్రామున్నర పైచిలుకు మా తరఫున మాఫీ.

1963 జనవరిలో కేంద్రం 14 క్యారెట్లకు మించి కొత్త నగ చేయొద్దని రూలు పెట్టినప్పుడు మా తాత కుంపటి ఆర్పేసి రెండేళ్లు కాలువ పనికి పోయాడట. బంగారం మీద ప్రభుత్వ కంట్రోలు 1990 దాకా పోలేదు. ఇంట్లో అందరూ ఆ రోజులను తిట్టుకునేవాళ్లు. నాకు మాత్రం ఈ మధ్య తాత మీద కొంచెం ఈర్ష్యగా ఉంటోంది. వద్దు అంటే వద్దు అని ఆయనకు ఒక తేదీ వేసి చెప్పారు. ఆయన పార పట్టుకున్నాడు. నాకు ఎవరూ అవునూ అనరు, కాదూ అనరు. అడిగితే "పరిశీలనలో ఉంది" అంటారు. ఆ పరిశీలన మీద ప్రతి మాఘానికీ, ప్రతి శ్రావణానికీ కొత్త పళ్లేలు వస్తూనే ఉన్నాయి.

తులం ఇవ్వండి, చాలా సంతోషం. సగం తులమైనా ఇవ్వండి. విడతలుగా ఇస్తామన్నా సర్దుకుంటాం. ఇవ్వలేకపోతే ఇవ్వలేమని చెప్పండి. అది కూడా మైకులోనే, మొదట చెప్పినంత గట్టిగా, మా తండాల్లో కూడా వినబడేటట్టు. నేను చెబితే ఎవరూ నమ్మడం లేదు సార్. "నువ్వు ఉద్దెర ఇయ్యలేక అంటున్నవ్" అంటున్నారు.

వచ్చే గురువారం ఇంకో పెళ్లివారు వస్తామని కబురు చేశారు. నా దగ్గర పని చేసి ఇవ్వడానికి చేతులున్నాయి, బంగారం లేదు, టౌన్లో కొత్తగా పుట్టేటట్టూ లేదు. వాళ్లకు ఏం చెప్పమంటారో బుధవారం సాయంత్రంలోపు చెప్పండి. నా ఫోన్ నంబర్ మూడు అర్జీల మీదా రాసే ఉంది.

ఇట్లు,
దేవరకొండలో ఒక అవుసలాయన
నల్లగొండ జిల్లా