వార్నర్ స్టెప్పును బంద్ పెట్టకండి, పద్ధతిగా ఆడనివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకు ఊరూరా జరిగే టెన్నిస్ బాల్ టోర్నీల్లో ఈసారి డీజే, డాన్సులు బంద్ పెట్టాలన్న మాట నల్గొండ, దేవరకొండ నుంచి జడ్చర్ల, అచ్చంపేట దాకా వినపడుతోంది. మ్యాచులు ఆలస్యమవుతున్నాయని, వికెట్ పడ్డప్పుడు ఎగిరే ఎగురుళ్ల వల్ల కొట్లాటలు అవుతున్నాయని నిర్వాహకుల బాధ. బాధ నిజమే. కానీ మా మైదానాల్లో డాన్సంటే పిలగాండ్ల మనసులో ఉండేది ఆస్ట్రేలియా బ్యాటర్ డేవిడ్ వార్నర్. సిక్స్ కొట్టినోడు 'పుష్ప' సినిమాలో లెక్క గడ్డం కింద చెయ్యి రాసినా, బౌండరీ దగ్గర ఫీల్డర్ భుజం ఎగరేసి కాలు ఈడ్చినా అది వార్నర్‌ను చూసి నేర్చుకున్నదే. దాన్ని పూర్తిగా ఆపేస్తే ఆటలో ఉన్న నవ్వు పోతుంది. ఏళ్లుగా టోర్నీలు నడిపేవాళ్లుగా, మైకులో కామెంటరీ చెప్పేవాళ్లుగా, అంపైరింగ్ చేసేవాళ్లుగా కొన్ని సంగతులు చెప్పదలిచాం.

వార్నర్ ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టుకు ఆడింది 2014 నుంచి 2021 వరకు. 2015లో కెప్టెన్ అయ్యాడు. 2016లో 848 పరుగులు చేసి, బెంగళూరులో జరిగిన ఫైనల్లో 38 బంతుల్లో 69 కొట్టి కప్పు తెచ్చాడు. ఆ ఫైనల్లో గెలిచింది 8 పరుగుల తేడాతోనే. సీజన్‌లో అందరికన్నా ఎక్కువ పరుగులు చేసినోడికి ఇచ్చే ఆరెంజ్ క్యాప్ 2015, 2017, 2019లో అతనిదే. ఈ అంకెలు ముందు ఎందుకు చెబుతున్నామంటే, సరదా మనిషి కాబట్టే జనం మోశారని రాసేవాళ్లు అసలు పునాదిని వదిలేస్తున్నారు. పరుగులు లేని ఆటగాడు పాటకు ఎగిరితే రెండో మ్యాచ్‌కే జనం విసుక్కుంటారు. ముందు బ్యాటు మాట్లాడింది, తర్వాతే కాళ్లు ఆడాయి.

ఇక ఆ కాళ్ల సంగతి. 2020 ఏప్రిల్ 30న, లాక్‌డౌన్‌లో అందరం ఇండ్లలో కూసున్న రోజుల్లో, భార్యతో కలిసి బుట్టబొమ్మ పాటకు వేసిన స్టెప్పుల వీడియో పెట్టాడు. ఆ వీడియోను నిలిపి నిలిపి చూస్తే అందులో గొప్ప డాన్సేమీ కనపడదు. తడబాటు ఉంది, మనిషి ముఖాన నవ్వుంది. సరిగ్గా వచ్చేదాకా దాచుకోకుండా, వచ్చినంత వరకు పెట్టేశాడు. మన పెండ్లి బరాత్‌లో బాబాయి ఎగిరినట్టు ఉంటుంది. ఇంట్లో మనిషి అనిపించింది అందుకే. తర్వాతి నెలలో తెలుగు సినిమా డైలాగుకు పెదాలు కలిపాడు, బాహుబలి వేషం కట్టాడు. మన భాష ఒక్క ముక్క రాని మనిషి డైలాగు విని, మళ్లీ విని, పెదాలు కలిపేదాకా నేర్చుకున్నాడంటే అందులో మన మీద గౌరవం ఉంది. ఇప్పుడు వచ్చే చాలా రీల్స్‌లో విదేశీ ఆటగాడి చేతికి కాగితం ఇచ్చి ఒక్క లైను చదివిస్తారు. అవి వారం కూడా గుర్తుండవు. చదివించిన మాటకూ, తానై నేర్చుకున్న మాటకూ తేడా పల్లెటూరి పిలగాడు కూడా పట్టేస్తాడు.

తప్పులూ ఉన్నాయి. 2018లో బాల్ టాంపరింగ్ (బంతిని గీకి పాడుచేయడం) వ్యవహారంలో ఏడాది నిషేధం పడి ఆ సీజన్ ఐపీఎల్‌కు రాలేకపోయాడు. అభిమానులు దాన్ని కడిగేయలేదు, తప్పును తప్పే అన్నారు. తిరిగొచ్చి 2019లో 12 మ్యాచుల్లో 692 పరుగులు చేశాడు. 2021 మేలో కెప్టెన్సీ పోయింది, తర్వాత జట్టులో చోటూ పోయింది. అప్పుడు స్టాండ్స్‌లో కూర్చుని అదే జట్టు జెండా ఊపాడు. ఆ ఫొటో ఇప్పటికీ మా దగ్గర చాలా ఫోన్లలో ఉంది. ఆ నవంబరులోనే ఆస్ట్రేలియా టీ20 ప్రపంచ కప్ గెలిస్తే, 289 పరుగులతో టోర్నీలో ఉత్తమ ఆటగాడు అతనే. 2023 ఏప్రిల్ 24న ఢిల్లీ కెప్టెన్‌గా హైదరాబాద్‌లోని ఉప్పల్ స్టేడియానికి వచ్చినప్పుడు, మ్యాచ్‌కు ముందు తన పాత జట్టు బౌలర్ భువనేశ్వర్ కుమార్ దగ్గరికి పోయి వంగి కాళ్లు మొక్కాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ప్రత్యర్థి జెర్సీలో ఉన్నా ఉప్పల్ జనం అతణ్ని తమవాడిగానే చూశారు. అదే ఏడాది అక్టోబరులో ప్రపంచ కప్ ప్రాక్టీస్ మ్యాచ్‌కు హైదరాబాద్ వచ్చి, ఫీల్డింగ్ చేస్తూనే జనం కోసం స్టెప్పులేశాడు. తర్వాత బెంగళూరులో పాకిస్తాన్ మీద 163 కొట్టి, గడ్డం కింద చెయ్యి రాసి చూపించాడు. 2024 నవంబరు ఐపీఎల్ వేలంలో ఏ జట్టూ తీసుకోలేదు. 2025 మార్చిలో 'రాబిన్‌హుడ్' తెలుగు సినిమాలో చిన్న పాత్రలో కనపడితే, ఆ కొద్దిసేపటి కోసమే టికెట్టు కొన్నోళ్లున్నారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. వార్నర్ మైదానంలో నోరు పారేసుకున్న సందర్భాలు ఉన్నాయి, వాటిని మేం సమర్థించం. అయితే మనవాళ్లు దాచుకున్న డాన్సులు మాత్రం స్టాండ్స్ వైపు తిరిగి వేసినవి. మా టోర్నీల్లో చెడింది సరిగ్గా అక్కడే. అవుటైన బ్యాటర్ తల దించుకుని పోతుంటే వాడి ముఖం ముందుకు పోయి చెయ్యి రాస్తున్నారు. నవ్వు కాస్తా వెక్కిరింత అవుతుంది. తర్వాత బ్యాటు లేస్తుంది, ఊళ్ల పేర్లు బయటికొస్తాయి. కాబట్టి ఒకే నిబంధన పెట్టండి: స్టెప్పు వేసేవాడి ముఖం జనం వైపు, వీపు ప్రత్యర్థి వైపు ఉండాలి. టాస్ అప్పుడు ఇద్దరు కెప్టెన్లకూ ఇది మైకులోనే చెప్పాలి. ఒకసారి తప్పితే హెచ్చరిక, రెండోసారి తప్పితే ఎదుటి జట్టుకు 5 పరుగులు.

ఈ 5 పరుగులు ఊరికే పెట్టిన అంకె కాదు. క్రికెట్ నియమాల్లోనే ఉంది. బంతి ఎదుర్కోబోతున్న బ్యాటర్ దృష్టిని ఫీల్డర్ కావాలని మళ్లిస్తే అంపైర్ డెడ్ బాల్ (ఆ బంతి ఆటలో లేదని) ఇచ్చి, బ్యాటింగ్ జట్టుకు 5 పెనాల్టీ పరుగులు ఇవ్వాలి. బౌలర్ రన్నప్ మొదలుపెట్టాడంటే బంతి ఆటలో ఉన్నట్టే. బంతి బౌండరీ దాటితే డెడ్. అందుకని బ్యాటర్ స్టెప్పు ఫోరో సిక్సో పోయాక వేయొచ్చు. ఫీల్డర్ మాత్రం ఓవర్ మారే సందులోనే వేయాలి. మాకు ఎక్కువ గొడవ తెచ్చేది లాంగాన్‌లో, అంటే బౌలర్ వెనక వైపు బౌండరీ దగ్గర నిలబడ్డ పిలగాడు. జనం అరుస్తుంటే ఆగలేక బౌలర్ నడక మొదలైనా ఊగుతూనే ఉంటాడు, క్యాచ్ నెత్తి మీదికి వచ్చాక చూస్తాడు. కెప్టెన్ వాణ్ని ముందే సముదాయించాలి.

ఆలస్యం సంగతికి వస్తే లెక్క చాలా సులువు. 10 ఓవర్ల ఇన్నింగ్స్‌లో 15 బౌండరీలు పోయాయనుకోండి. ఒక్కోదానికి పాట అర నిమిషం మోగితే ఏడున్నర నిమిషాలు, రెండు ఇన్నింగ్స్‌లకు పావుగంట. రోజుకు 5 మ్యాచులు పెడితే గంటా పావు పాటకే పోయింది. సంక్రాంతి రోజుల్లో ఆరింటికల్లా పొద్దు గూకుతుంది. ఆఖరి మ్యాచ్ ఛేజింగ్ చీకట్లో పడేది అందుకే, ఓడినోళ్లు బాల్ కనపడలేదని లొల్లి పెట్టేది అందుకే. పాట ముక్కను 8 సెకన్లకు కోయండి. అదే 15 బౌండరీలకు 2 నిమిషాల్లో పని అయిపోతుంది. బ్యాటర్ ఒక స్టెప్పు వేసి, బ్యాటు సర్దుకుని, గార్డ్ తీసుకోవడానికి 8 సెకన్లు సరిపోతాయి. వికెట్ పడితే పాట అసలే వద్దు, డప్పు మీద రెండు దెబ్బలు చాలు.

మైక్ సెట్ దగ్గర జరిగే పొరపాట్లు ఇంకో తీరు. చాలాచోట్ల ఆపరేటర్ సిక్స్ పోయాక యూట్యూబ్‌లో పాట వెతుకుతాడు. ముందు ప్రకటన మోగుతుంది, అది దాటి పాట వచ్చేసరికి తర్వాతి బంతి పడిపోతుంది. ముక్కలను ముందురోజే కోసి, 01 ఫోర్, 02 సిక్స్, 03 యాభై అని పేర్లు పెట్టి పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి. ఫోన్ నుంచే పెట్టాల్సి వస్తే బ్లూటూత్ వద్దు, ఆక్స్ వైరు వాడండి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి. లేకపోతే మ్యాచ్ మధ్యలో ఎవరిదో ఫోన్ రింగు మైదానమంతా మోగుతుంది. బాక్సులు సున్నం గీతకు కనీసం 10 మీటర్లు వెనక, పిచ్ వైపు కాకుండా జనం వైపు తిప్పి పెట్టాలి. టెన్నిస్ బాల్ బ్యాటు అంచుకు తగిలితే వచ్చే చప్పుడే చిన్నది. బాక్సు పిచ్ వైపు ఉంటే అంపైర్‌కు అది వినపడదు. ఎడ్జ్ ఇవ్వలేదని మొదలయ్యే కొట్లాటల్లో సగం నింద డీజేదే.

వార్నర్ ఎగురుడు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సెంచరీ చేస్తే హెల్మెట్ తీసి, ఉరికి, గాల్లోకి ఎగిరి పిడికిలి విసురుతాడు. చూడ్డానికి కన్నుల పండుగ. కానీ 2022 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో తన వందో టెస్టులో డబుల్ సెంచరీ చేసి అట్లనే ఎగిరితే, ఎండలో అప్పటికే కండరాలు పట్టేసి ఉండటంతో రిటైర్డ్ హర్ట్‌గా బయటికి పోవాల్సి వచ్చింది. అన్ని వసతులున్న ఆటగాడికే అట్లయితే, ఏప్రిల్ ఎండలో నల్గొండ గట్టి చెల్క నేల మీద, పొద్దున తిన్న టిఫిన్ తప్ప ఏమీ లేని పిలగాడి సంగతి ఆలోచించండి. ఎగరాలనుకునేవాడు మ్యాట్ దాటి నాలుగడుగులు అవతలికి పోవాలి. మ్యాట్ అంచుకు కొట్టిన ఇనుప మేకుల దగ్గర దిగితే మడమ మెలి పడుతుంది. రెండు కాళ్ల మీద, మోకాళ్లు వంచి దిగాలి. బ్యాటు చేతిలో పట్టుకుని ఎగరొద్దు. పక్కన కౌగిలించుకోవడానికి ఉరికొచ్చే దోస్తుకే తగులుతుంది. డగౌట్‌లో ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లకు ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ చొప్పున కలిపి పెట్టండి. ప్యాకెట్ సగం వేసి తర్వాత మిగతాది వేస్తామంటే కొలత తప్పుతుంది.

కాలు ఈడ్చే స్టెప్పు మాత్రం చిన్న పిలగాండ్లకు భయం లేనిది. ఒక భుజం పైకెత్తి ఉంచి, బరువంతా ఒక కాలి మీద వేసి, రెండో పాదాన్ని నేల మీద జార్చడమే. చెప్పు జారితే వెనక్కి పోయి తొడుక్కోవడం కూడా అందులో భాగమే కాబట్టి తప్పు పోయినా నవ్వే వస్తుంది. స్పైకులు వేసుకుని మాత్రం ఈడ్వొద్దు, మట్టిలో దిగబడి మోకాలు తిరుగుతుంది.

టోర్నీల్లో బెస్ట్ బ్యాటర్, బెస్ట్ బౌలర్ బహుమతులతో పాటు, జనాన్ని బాగా నవ్వించిన ఆటగాడికి ఒక చిన్న బహుమతి పెట్టమని మా కోరిక. దాని తీర్పు నిర్వాహకులకు వద్దు, ఇద్దరు అంపైర్లు, స్కోరర్ కలిసి చెప్పాలి. రెండు షరతులు: ఆ మ్యాచ్‌లో కనీసం 15 పరుగులో ఒక వికెటో ఉండాలి, ప్రత్యర్థి కెప్టెన్ నుంచి ఫిర్యాదు ఉండొద్దు. బ్యాటు గ్రిప్పులు రెండు, ఒక క్యాప్ ఇస్తే చాలు. క్యాప్ ఆరెంజ్ రంగుదైతే పిలగాడు మూడేళ్లు దాచుకుంటాడు.

మీ క్రీడా పేజీకీ ఒక మనవి. వార్నర్ గురించి రాసినప్పుడల్లా 'టైంపాస్ డాన్సులు' అని శీర్షిక పెట్టకండి. హైదరాబాద్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్ అని ముందు రాసి, తర్వాత డాన్సు రాయండి.

సంక్రాంతి టోర్నీల పాంప్లెట్లు డిసెంబరు రెండో వారంలో ప్రింటింగ్ ప్రెస్‌కు పోతాయి. ఈ ఉత్తరం అంతకుముందే అచ్చయితే, ఎంట్రీ ఫీజు కింద ఉండే నిబంధనల్లో 'స్టెప్పు జనం వైపే, 8 సెకన్లే' అన్న ఒక్క లైనుకు చోటు దొరుకుతుంది.

ఇట్లు,
టెన్నిస్ బాల్ టోర్నీల నిర్వాహకులు, అంపైర్లు, కామెంటేటర్లు,
నల్గొండ, దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, అచ్చంపేట ప్రాంతాలు