‘అన్ని పనులకూ ఇదొక్కటే’ అని అమ్మిన టూల్ కిట్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: టూల్ కిట్ పెట్టె మీద, లోపలి కార్డులో ఉన్న తప్పుడు సమాచారం, డబ్బు వాపసు

అయ్యా,

నేను ఇళ్ల పనులు ఒప్పుకుని చేయించే మేస్త్రీని. నాది తాపీ పని. వడ్రంగి, ప్లంబర్, ఎలక్ట్రీషియన్ నాతో కలిసి పనిచేస్తారు. ఎవరి సంచీ వాళ్లకుంది. అయినా సైట్‌లో ఉమ్మడిగా ఒక సెట్టు ఉంటే చేతికి అందుబాటులో ఉంటుందని మీ కిట్ కొన్నాను. పెట్టె మీద ‘తాపీ, వడ్రంగం, ప్లంబింగ్, కరెంటు: అన్ని పనులకూ ఇదొక్కటే చాలు’ అని రాశారు. ఏ పనికి ఏ పనిముట్టో చెప్పే కార్డు కూడా లోపల పెట్టారు. నా గొడవంతా ఆ రాతతోనూ, ఆ కార్డుతోనూ.

ముందు కటింగ్ ప్లయర్ సంగతి. ‘ఇన్సులేటెడ్, కరెంటు పనికి’ అని కార్డులో ఉంది. మా ఎలక్ట్రీషియన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎర్ర తొడుగును గోటితో పట్టి లాగాడు. చొక్కా చేతిలా జారి వచ్చేసింది. కింద ఉత్త ఇనుము. “దీంతో లైవ్ వైరు పట్టుకోమంటారా మేస్త్రీ గారూ?” అన్నాడు. లైవ్ వైర్ల మీద వాడే చేతి పనిముట్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60900 ప్రకారం చేసిన పనిముట్టు అయితే రెండు త్రికోణాల గుర్తు, 1000 వోల్టుల అంకె దాని మీదే ఉంటాయి. వాటిని 10,000 వోల్టులతో పరీక్షించి బయటికి పంపుతారు. మీ ప్లయర్ మీద మీ కంపెనీ బొమ్మ తప్ప ఇంకేమీ లేదు. ఆ తొడుగు చేతికి పట్టు కోసం వేసింది, షాక్ ఆపడానికి కాదు.

తర్వాత ఉలి. ‘గోడలో పైపు గాడి కొట్టడానికి ఉలి, సుత్తి’ అని కార్డు చెబుతోంది. ప్లంబర్ దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు పాపం అది చదివే పని మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలకే అంచు పళ్లు పళ్లుగా ఊడింది. మీరిచ్చింది కర్ర చెక్కే ఉలి. దాని అంచు 25 డిగ్రీల దగ్గర పల్చగా ఉంటుంది. ఇటుక, సిమెంటు మీద వాడేది మొత్తం ఇనుముతో మొద్దుగా ఉంటుంది. తెలుగులో రెండిటినీ ఉలి అనే అంటాం, నిజమే. కార్డు రాసినవాళ్లకైనా తేడా తెలియాలి కదా! పైగా పక్కన పెట్టింది మేకులు పీకే సుత్తి. గట్టి ఉక్కు మీద దాంతో బాదితే పెచ్చు లేచి కంట్లో పడొచ్చు. గాడి పనికి మేం చేతి సమ్మెట వాడతాం. మా వడ్రంగి ఆ ఉలిని చూసి, “సానబట్టి ఇస్తే నాకు పనికొచ్చేది, గోడకి పెట్టి చంపేశారు” అన్నాడు.

రసమట్టం (స్పిరిట్ లెవెల్) దెబ్బ నాకే తగిలింది. బాత్రూమ్ నేల వాలు దాంతోనే చూసుకున్నాను. టైల్స్ వేశాక నీళ్లు పోస్తే జాలీ వదిలేసి గుమ్మం వైపు నడిచాయి. అప్పుడు మట్టాన్ని ఒక పలక మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, అక్కడే చివర్లు మార్చి పెట్టాను. బుడగ గీత దాటి పోయింది. సరైన మట్టమైతే ఎటు తిప్పినా ఒకేలా చూపించాలి. కొన్న రోజే ఇలా తిప్పి చూడకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. ఆ టైల్స్ పీకి మళ్లీ వేయడం మాత్రం మీ చలవే.

హ్యాక్సా బ్లేడు గురించి ఎక్కువ చెప్పను. పల్చటి గొట్టాలకు అంగుళానికి 32 పళ్లది కావాలి, మీరు 18 పళ్లది ఒక్కటే ఇచ్చారు.

ఫోన్ చేస్తే మీవాళ్లు “మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్ కాదు, వాపసు తీసుకోం” అన్నారు. మట్టం విషయంలో అది కూడా నిజం కాదు. మిగతావాటిలో తప్పు మీ రాతలోనే ఉంది.

కిట్ డబ్బు మొత్తం తిరిగి ఇవ్వండి. ప్లయర్‌కు పరీక్ష రిపోర్టు ఉంటే పంపండి, లేకపోతే ‘ఇన్సులేటెడ్’ అన్న మాట తీసేయండి. దాన్ని లైవ్ వైర్ల మీద వాడొద్దని ఇప్పటికే కొన్నవాళ్లకు వెంటనే చెప్పండి, ఇది నా డబ్బు కంటే ముందు జరగాలి. కార్డును ఒక్కో పని తెలిసినవాళ్లకు చూపించి మళ్లీ రాయించండి.

బిల్లు నకలు, ఫొటోలు జతచేశాను. ప్లయర్‌ను ఎవరూ పొరపాటున తీయకుండా టేపు చుట్టి పెట్టెలోనే ఉంచాను. మీ మనిషిని పంపితే తొడుగు లాగి చూపిస్తాను.

ఇట్లు,
మీ కిట్ కొన్న ఒక తాపీ మేస్త్రీ