సగం బొడ్డు దగ్గర కాదురోయ్

ఒరేయ్ పెన్సిలుముక్కా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, ఇక్కడ వానలు, అందరం కులాసా. ఇంక అసలు సంగతికి వస్తున్నా, ఆగలేకపోతున్నా.

నువ్వు గీసి పంపిన మనుషుల బొమ్మలన్నీ బల్ల మీద పరిచి స్కేలు పెట్టి కొలిచా. అన్నిటికీ ఒకటే రోగం. ఒంటి సగం బొడ్డు దగ్గర పడుతోంది! అది పసిపిల్లల కొలతరా. అప్పుడే పుట్టిన బిడ్డకి తలే ఒంట్లో నాలుగో వంతు, నడిమి గీత బొడ్డు దగ్గర. ఎదిగేకొద్దీ కాళ్లు సాగి, ఆ గీత తొడల మొదటికి దిగుతుంది. అందుకే నీ మీసాల ఎస్సై ఉగ్గు తాగే బుడ్డోడిలా ఉన్నాడు. (ఆ లాఠీ మాత్రం... సరే, ఆ కథ ఉత్తరంలో వద్దు.)

శిల్పులు ఒంటి పొడుగు కొలతని నవతాళం, అంటే తొమ్మిది తాళాలు, అంటారు కదా. తాళమంటే బీరువా తాళం కాదు నాయనా, ముఖం పొడుగు: నుదుట జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం దాకా. అందులో పన్నెండో వంతు అంగుళం. మన స్కేలు మీది అంగుళం అనుకున్నావో, మునిగావే! బొమ్మని బట్టి అంగుళం మారుతుంది. ముఖం 12, మెడ 4, అక్కణ్ణుంచి గుండె 12, బొడ్డు 12, తొడల మొదలు 12, తొడ 24, మోకాలు 4, పిక్క 24, పాదం 4. కూడు. 108, అంటే తొమ్మిది తాళాలు. దశతాళం, అష్టతాళం లెక్కలు వేరేగా ఉన్నాయిలే, వాటి జోలికి పోవద్దు.

చూశావా, ఇందులో నడినెత్తి లేదు! జుట్టు గీతకి పైన ఇంకో 4 కలుపు. 112. తొడల మొదటికి పైన ఎంత? 56. కింద? 56! లెక్కల మాస్టారు "సగమెక్కడ్రా సన్నాసీ" అని అరిచినట్టే ఉంది. ఇంకోటి, తల మొత్తం 16 అయింది గదా, 112లో ఏడు తలలు. మామూలు మనుషులు ఏడు, ఏడున్నర తలలే ఉంటారు. ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డా విన్సీ సుమారు 1490లో వలయంలో గీసిన మనిషికి తల ఎనిమిదో వంతు, ముఖం పదో వంతు. ఎనిమిది తలలంటే వీరుడి ఒడ్డూ పొడుగూనే, మన ఎస్సైకి అంత సీను లేదు.

ఇప్పుడు ఏ4 కాగితం తీయి. పైనా కిందా కాస్త వదిలి 28 సెంటీమీటర్ల నిలువు గీత గియ్యి. అంగుళం పావు సెంటీమీటరు అవుతుంది. పైనుంచి 1 దగ్గర జుట్టు, 2 దగ్గర కనుబొమలు, వాటిని ఆనుకునే కళ్లు, 3 ముక్కు కొస, 4 గడ్డం, 5 మెడ అడుగు, 8 గుండె, 11 బొడ్డు, 14 సగం, 20 నుంచి 21 మోకాలు, 27 చీలమండ, 28 నేల. నువ్వు కళ్లు నుదుట్లోకి ఎక్కించేది నడినెత్తి మరిచిపోబట్టే.

భుజాల అడ్డం రెండు తలల పొడుగు, ఆడవాళ్లకి కొంచెం తక్కువ. చేతులు పీచుమిఠాయిలా సాగదీయకు: వేలాడేసిన చేతికి మోచెయ్యి బొడ్డుకి కాస్త పైన, మణికట్టు 14 గీత దగ్గర, వేళ్ల కొస తొడ మధ్య. అరచెయ్యి వేళ్లతో కలిపి ముఖమంత, 3 సెంటీమీటర్లు. నమ్మకపోతే గడ్డం మీద మణికట్టు ఆనించి చూసుకో, వేళ్లు జుట్టు దాకా వస్తాయి. ఎవరూ చూడకుండా చెయ్యి.

నిలబడ్డ మనిషికే ఈ లెక్క. వంగితే గీత పనికిరాదు, కీలు నుంచి కీలుకి కొలవాలి. బాసింపట్టు వేసి కూర్చుంటే మొండెం మారదు గానీ తొడలు మనవైపు పొడుచుకొస్తాయి, అప్పుడు 24 కాస్తా... అబ్బా, పోస్టుడబ్బా తీసే వేళయింది. ఎస్సైని మళ్లీ గీసి పంపు, లాఠీతో సహా.

నీ
సున్నంబట్టీ