వాచ్‌మన్ తాత పుస్తకం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందన్నావు, మనసు కుదుటపడింది. మీ కాలేజీకి రక్షణ శాఖ డబ్బుతో కొత్త ల్యాబ్ వస్తోందనీ, తలుపులూ కెమెరాలూ కార్డులూ చూసుకునే పని నీ నెత్తిన పడిందనీ రాశావు. నువ్వైతే ఏం చేస్తావురా అని అడిగావు కదా. పోయిన నెల అమెరికాలో మాడిసన్ ఊరు వెళ్లినప్పుడు స్టెర్లింగ్ హాల్ గోడ ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఆ సంగతి చెప్తా విను.

విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్ల బిల్డింగ్ అది. అందులో పై అంతస్తుల్లో ఆర్మీ డబ్బుతో గణిత పరిశోధన కేంద్రం నడిచేది. వియత్నాం యుద్ధం రోజుల్లో స్టూడెంట్లు దాని మీద మండిపడ్డారు. చదువుకునే చోట యుద్ధానికి లెక్కలు కట్టడమేంటని అడిగారు. అడగాల్సిన మాటే. కానీ 1970 ఆగస్టు 24 తెల్లవారుజామున 3:42కి, నలుగురు కుర్రాళ్లు బాంబు పెట్టి వదిలిన వ్యాను ఆ గోడ పక్కన పేలింది. సెలవులు, పైగా ఆ వేళ. లోపల ఎవరూ ఉండరనుకున్నారు.

ఉన్నాడ్రా. బేస్‌మెంట్‌లో రాబర్ట్ ఫాస్నాక్ట్, 33 ఏళ్ల ఫిజిక్స్ మనిషి. సూపర్‌కండక్టివిటీ, అంటే బాగా చల్లబరిస్తే కొన్ని పదార్థాల్లో కరెంటు అడ్డు లేకుండా పారడం, దాని మీద ప్రయోగం చూసుకుంటున్నాడు. ఆర్మీ కేంద్రంతో ఆయనకి ఏ సంబంధమూ లేదు. ఇంట్లో ముగ్గురు చిన్న పిల్లలు. అక్కడికక్కడే పోయాడు. ఇంకో ముగ్గురికి దెబ్బలు తగిలాయి, వాళ్లలో ఒకాయన యూనివర్సిటీ సెక్యూరిటీ మనిషి. పేలే ముందు పోలీసులకి ఫోన్ వచ్చింది, కానీ ఆ రెండు మూడు నిమిషాల్లో బేస్‌మెంట్ దాకా ఎవరు పరిగెత్తగలరు? వాళ్లు గురిపెట్టిన కేంద్రానికి పెద్దగా ఏమీ కాలేదు. ధ్వంసమైంది కింద ఉన్న ఫిజిక్స్ విభాగం.

మన ఎమ్మెస్సీ రాత్రులు గుర్తున్నాయా? ప్రయోగాన్ని చల్లగా ఉంచే ద్రవ నైట్రోజన్ అడుగంటుతుందేమోనని వంతులేసుకుని లేచేవాళ్లం. చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. మూడింటికి వాచ్‌మన్ తాత టార్చి వేసి, "ఇంకా ఉన్నారా బాబూ" అని, తన పుస్తకంలో గది నంబరూ మన పేర్లూ రాసుకుని వెళ్లేవాడు. ఆ గోడ ముందు నాకు ఆయనే గుర్తొచ్చాడు.

తాళం ఎంత గట్టిదైనా ఆ వ్యాను ఆగేది కాదురా, అది తలుపు దాకా రానేలేదు. అందుకే కార్డుల కంటే ముందు, డబ్బు ఎవరిదో, పని ఏమిటో నోటీసు బోర్డు మీద తెలుగులో కూడా రాయించు. రహస్యం అనదగ్గ పనైతే క్లాసులు జరిగే బిల్డింగులో వద్దని మీటింగులో గట్టిగా చెప్పు. అమెరికాలోనే ఎమ్మైటీ అనే యూనివర్సిటీలో క్షిపణులకు దారి చూపే పరికరాలు చేసే ల్యాబ్ మీద ఇలాగే పెద్ద గొడవ నడిచింది, చివరికి 1973లో దాన్ని యూనివర్సిటీ నుంచి వేరు చేశారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో డబ్బుతో పేలుడు పదార్థాల మీద పరిశోధన కేంద్రం ఉంది, మన దగ్గరా ఇది కొత్త కాదు. నాకైతే అలాంటి డబ్బు అసలు ఇష్టం లేదు, అది నీకు తెలుసు. వస్తే మాత్రం అందరికీ తెలిసి రావాలి.

ఇంకొకటి. రాత్రి ఏ గదిలో ఎవరున్నారో రాసే పుస్తకం ఒకటి గేటు దగ్గర పెట్టించు. కంప్యూటర్‌లో ఉందిలే అంటారు, ఊరుకోకు. కాగితం మీదే ఉండాలి, వాచ్‌మన్ చేతిలో ఉండాలి. మీటింగులో ఏమన్నారో వెంటనే రాయి.

నీ
మూర్తి