చిన్న ప్రకటనలను విలేకరులు చదవాలి

సంపాదకులకు నమస్కారం.

నగరంలో వార్తల కోసం విలేకరులు సచివాలయం, పోలీసు కమిషనరేట్, సోమాజిగూడ ప్రెస్ క్లబ్ చుట్టూ తిరుగుతారు. తిరగాల్సిందే. కానీ ఓఎల్ఎక్స్ వంటి వెబ్‌సైట్లలో జనం రోజూ పెట్టే అమ్మకం, అద్దె, ఉద్యోగ ప్రకటనలను వార్త కోసం చదివేవారు ఉన్నట్టు కనిపించదు. ఇది చిన్న లోటు కాదు.

అద్దె ప్రకటనలే తీసుకోండి. 'మంజీరా నీళ్లు ఉన్నాయి' అని, అంటే జలమండలి కుళాయి నీళ్లు వస్తాయని, ఒకరు ముందుగానే రాస్తారు. మరొకరు బోరు ఉందని రాసి ఊరుకుంటారు. అడ్వాన్సు ఎన్ని నెలలదో, మెయింటెనెన్స్ ఎంతో, బ్యాచిలర్లకు, మాంసాహారులకు ఇల్లు ఇస్తారో లేదో అన్నీ అక్కడే ఉంటాయి. కొండాపూర్‌లోనో మియాపూర్‌లోనో ఫిబ్రవరి నుంచి మే దాకా ఈ ప్రకటనలను వరుసగా చదివి, ఆ ఇళ్లకు వెళ్లి అడిగితే ఏ వీధి ట్యాంకర్ల మీద బతుకుతోందో అధికారుల ప్రకటన కంటే ముందే తెలుస్తుంది. ఇల్లు దొరకని వాళ్ల గోడూ వినిపిస్తుంది.

'ప్రీ లాంచ్' పేరుతో, అంటే ప్రాజెక్టు అధికారికంగా మొదలుకాకముందే, ఫ్లాట్లు అమ్మే ప్రకటనలు మరీ ముఖ్యం. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం నమోదు కావాల్సిన ప్రాజెక్టును నమోదు చేయకుండా ప్రకటించకూడదు. ప్రకటనలో ఆ నమోదు సంఖ్య ఉందా లేదా అన్నది తెలంగాణ రెరా వెబ్‌సైటుతో సరిపోల్చడానికి ఎంతసేపు పడుతుంది? డబ్బు కట్టినవాళ్లు ధర్నాకు దిగాక రాసే వార్త ఎవరికి మేలు చేస్తుంది? రిజిస్ట్రేషన్ రుసుము అడిగే ఉద్యోగ ప్రకటనలదీ ఇదే కథ. మోసపోయినవారు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసేదాకా ఆగనక్కర్లేదు.

అయితే ప్రకటన దానంతట అదే వార్త కాదు. అది అబద్ధం కావచ్చు, పాతది కావచ్చు. విలేకరి తానెవరో చెప్పి మాట్లాడాలి, వెళ్లి చూడాలి, కాగితాలు అడగాలి. ముఖ్యంగా ఫీజు కోసం కుట్టు మిషన్ అమ్ముకుంటున్న మనిషి ఫోన్ నంబరునో ఫొటోనో పత్రికకు ఎక్కించకూడదు. అవసరంలో ఉన్నవారి పరువు కంటే ఏ కథనమూ ఎక్కువ కాదు.

మీ నగర విభాగంలో ఒక యువ విలేకరికి ఈ పని అప్పగించండి. ఏడాది పొడవునా కాకపోయినా, వచ్చే వేసవికి ముందు నీటి విషయంతోనైనా మొదలుపెట్టించండి.

— ఒక పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్