బృహద్ధమని ఆపరేషన్ తర్వాతి స్కాన్ల గురించి ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెరిగింది. మంచిదే. కానీ బృహద్ధమనికి (గుండె నుంచి ఒంటికి రక్తం మోసే పెద్ద నాళానికి) గ్రాఫ్ట్ అనే కృత్రిమ గొట్టం కుట్టినా, లోపలి నుంచి స్టెంట్ గ్రాఫ్ట్ (లోహపు జాలీ ఉన్న గొట్టం) దించినా జబ్బు అక్కడితో తీరదు. కుట్టు దగ్గర ఏళ్ల తర్వాత కూడా రక్తం ఊరి సంచి కట్టవచ్చు. నాళం గోడ పొరలు చీలినవాళ్లలో పైభాగం మార్చాక కింద మిగిలిన చీలిక ఉబ్బుతూ పోవచ్చు. చాలాసార్లు నొప్పీ ఉండదు, స్కాన్‌లోనే తెలుస్తుంది.

అందుకే డిశ్చార్జికి ముందు ఒక సీటీ యాంజియో (నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి రక్తనాళాలను చూపే సీటీ స్కాన్), తర్వాత 6, 12 నెలలకు, ఆపైన ఏటా ఒకటి తీసేలా ఫాలోఅప్ ప్యాకేజీ ఇవ్వండి. పొట్టలో స్టెంట్ గ్రాఫ్ట్ పెట్టినవాళ్లకు మొదటి ఏడాది స్కాన్ శుభ్రంగా ఉంటే తర్వాత డాప్లర్ (రక్త ప్రవాహాన్ని చూపే అల్ట్రాసౌండ్) చాలు. కాంట్రాస్ట్ అక్కర్లేదు కాబట్టి కిడ్నీలకూ అదే మేలు.

స్కాన్ మూడు విడతలుగా తీయాలి: కాంట్రాస్ట్ ఎక్కించకముందు, ధమనులు నిండినప్పుడు, ఒకటి రెండు నిమిషాలు ఆగి. మొదటిది దండగని చాలాచోట్ల ఎగ్గొడతారు. సర్జన్ కుట్ల కింద దన్నుగా వేసే ఫెల్ట్ (మందపాటి బట్టలాంటి) ముక్కలు సీటీలో తెల్లగా మెరుస్తాయి. కాంట్రాస్ట్ బొమ్మ ఒక్కటే చూస్తే అచ్చం లీకే. కాంట్రాస్ట్ లేని బొమ్మలోనూ అక్కడే అదే తెలుపు ఉంటే అది ఫెల్టే. ఇక మెల్లగా ఊరే లీకులు మూడో విడతలోగాని దొరకవు. గుండెకు ఆనుకున్న భాగానికి ఈసీజీ గేటింగ్ (గుండె లయకు జతచేసి స్కాన్ తీయడం) లేకపోతే గుండె కదలికే చీలికలా కనిపిస్తుంది.

నాళం వ్యాసాన్ని దాని నడిమి గీతకు లంబంగా కొలవాలి. వంపు దగ్గర ఏటవాలుగా కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. పోయిన ఏడాది స్కాన్‌తో పోల్చితే 1 మి.మీ. తేడా కొలతలో పొరపాటు కింద కొట్టుకుపోతుంది. మొట్టమొదటి స్కాన్ పక్కన పెడితే అదే ఐదేళ్లలో 5 మి.మీ. అని బయటపడుతుంది.

ఆ మొదటి స్కాన్ ఫిల్ముల కవరులో ఉంటే లాభం లేదు, దాని మీద మళ్లీ కొలవలేం. 1 మి.మీ. స్లైసుల (పలుచటి అడ్డుకోత బొమ్మల) డేటా సీడీలో రోగి చేతికివ్వాలి. డిశ్చార్జి సమ్మరీలో 'బెంటాల్ చేశాం' (బృహద్ధమని మొదలును, దాని కవాటాన్ని మార్చే ఆపరేషన్) అని రాసి ఊరుకుంటున్నారు. గ్రాఫ్ట్ రకం, వ్యాసం, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వేశారు, ఫెల్ట్, జిగురు వాడారా, ఇవన్నీ కావాలి. తేదీ మరీ ముఖ్యం: గ్రాఫ్ట్ చుట్టూ గాలి బుడగలు రెండు వారాలకు మామూలే, మూడు నెలలకు కనిపిస్తే ఇన్ఫెక్షన్ అని అనుమానించాల్సిందే.

ఈ సీడీ, ఈ వివరాలు లేని ఆపరేషన్ క్లెయిమ్‌ను ఆరోగ్యశ్రీ ట్రస్టు పాస్ చేయకుండా ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
గుండె, రక్తనాళాల స్కాన్లు చదివే రేడియాలజిస్టులు