ఇంకో మాస్టర్స్ చేసినా డిగ్రీ మార్కులు మారవు: అమెరికా లా స్కూల్ ఆశపడే పిల్లల కోసం

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ ఆన్‌లైన్‌లో రోజూ చదువుతానండి, చదువుల పేజీ అస్సలు వదలను. ఆ పేజీలో ఎమ్మెస్ గురించి, మెడిసిన్ గురించి వారం వారం ఏదో ఒకటి వస్తుంది కానీ అమెరికాలో లా చదవడం గురించి మాత్రం ఎప్పుడో ఒకసారి నాలుగు లైన్లు కనిపిస్తాయి అంతే. సరిగ్గా చెప్పేవాళ్ళు లేకపోయేసరికి కన్సల్టెన్సీల వాళ్ళు ఏది చెప్తే అదే నిజం అయిపోతోంది, అందుకే ఈ లెటర్ రాస్తున్నా.

నేను టెక్సస్‌లో ఒక లా ఆఫీసులో పనిచేస్తాను. మా పెద్దమ్మ మనవడు గుంటూరు వైపు బీటెక్ చేసి ఇక్కడికొచ్చి ఎమ్మెస్ పూర్తి చేశాడు. బీటెక్‌లో బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, మొత్తం మీద 58 శాతం. ఇప్పుడు వాడికి లా మీద మనసు పడింది, మంచిదే. కానీ హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు, "ఇంకో మాస్టర్స్ చెయ్యి బాబూ, అందులో 3.9 తెచ్చుకుంటే నీ బీటెక్ మార్కులు ఎవరూ చూడరు, లా స్కూల్ సీటు గ్యారంటీ" అని చెప్పి కాలేజీ కూడా వాళ్ళే చూసిపెట్టారు. వాళ్ళమ్మ అప్పటికే పొలం కాగితాలు బ్యాంకులో పెట్టడానికి రెడీ అయిపోయింది. ఇలాంటి ఫోన్లు నాకు తెలిసినవాళ్ళ ఇళ్ళ నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి కాబట్టి ఇది ఒక్క ఇంటి సమస్య కాదు.

అసలు సంగతి ఏంటంటే, ఇక్కడ లాయర్ అవ్వాలంటే మామూలుగా డిగ్రీ తర్వాత మూడేళ్ళ జేడీ కోర్సు చేయాలి. దాదాపు అన్ని లా స్కూల్స్‌కీ అప్లికేషన్లు ఎల్‌ఎస్‌ఏసీ అనే సంస్థ ద్వారానే వెళ్తాయి. చదివిన ప్రతి కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ వాళ్ళకే పంపాలి, వాళ్ళు కాలేజీ వేసిన జీపీఏని, అంటే గ్రేడ్ల సగటుని, అలాగే తీసుకోరు, వాళ్ళ లెక్కలో మళ్ళీ వేస్తారు. ఆ లెక్క మొదటి బ్యాచిలర్స్ డిగ్రీ చేతికొచ్చిన రోజుతో ఆగిపోతుంది. తర్వాత ఎమ్మెస్ చేయండి, ఎంబీఏ చేయండి, పీహెచ్‌డీ చేయండి, రెండో డిగ్రీ చేయండి, ఆ నంబర్ కదలదు. మాస్టర్స్ ట్రాన్స్‌క్రిప్ట్ ఫైల్‌తో పాటు వెళ్తుంది, అడ్మిషన్ ఆఫీసు వాళ్ళు చదువుతారు కూడా, కానీ జీపీఏలో మాత్రం కలవదు.

ఎందుకిలా అంటే మాస్టర్స్ గ్రేడ్ల వల్ల స్కూల్స్‌కి వచ్చేది తక్కువ. ప్రతి లా స్కూలూ ఏటా తన క్లాసులో చేరినవాళ్ళ ఎల్‌శాట్ (లా స్కూల్ ఎంట్రన్స్ పరీక్ష) మీడియన్ అంటే వరసలో మధ్య స్కోరు, డిగ్రీ జీపీఏ మీడియన్ బయటపెట్టాలని అమెరికన్ బార్ అసోసియేషన్ రూలు. ర్యాంకులు వేసే యూఎస్ న్యూస్ వాళ్ళు కూడా ఆ రెండూ చూస్తారు. 2022 నవంబర్‌లో యేల్, హార్వర్డ్ లా స్కూల్స్ ఈ ర్యాంకులకి సహకరించం అని బయటికొచ్చేశాక ఎల్‌శాట్, జీపీఏల వెయిట్ బాగా తగ్గించారు కానీ స్కూల్స్ మీడియన్ మీద పెట్టుకున్న భయం అయితే ఏం తగ్గలేదు. మాస్టర్స్‌లో వచ్చిన గ్రేడ్లు అడిగే కాలమ్ అందులో ఎక్కడా లేదు. పైగా మాస్టర్స్‌లో బీ వస్తేనే తక్కువ అనుకునే పరిస్థితి, అందరికీ 'ఏ' గ్రేడ్లే, కాబట్టి 3.9 చూసి ఎవరూ ఆశ్చర్యపోరు, అదే అందులో 3.1 వస్తే మాత్రం ఇదేంటి ఇలా ఉంది అని ఆగి చూస్తారు. ఇంకో మాస్టర్స్ వల్ల లాభం కొంచెమే, నష్టం మాత్రం గట్టిగానే ఉండొచ్చు, ఈ మాట ఏ కన్సల్టెన్సీ చెప్పదు.

మన దేశంలో డిగ్రీ చేసినవాళ్ళ సంగతి ఇంకా వేరు, ఇది చాలామందికి తెలీదు. ఇండియా డిగ్రీకి ఎల్‌ఎస్‌ఏసీ అసలు జీపీఏ వేయదు. ట్రాన్స్‌క్రిప్ట్‌ని పరిశీలించి సుపీరియర్, అబవ్ ఎవరేజ్, ఎవరేజ్, బిలో ఎవరేజ్ అని ఈ నాలుగింట్లో ఒకటి రాసి పంపిస్తారు. నాలుగేళ్ళ బీటెక్, ల్యాబులు, బ్యాక్‌లాగ్స్, అన్నీ కలిపి రిపోర్టులో ఆ ఒక్క మాట. 58 శాతాన్ని 4కి ఎంత అవుతుందో మార్చి ఇస్తామని డబ్బులు తీసుకునేవాళ్ళు ఉన్నారు, లా స్కూల్‌కి ఆ కాగితం పనికిరాదు. జీపీఏ లేదు కాబట్టి జీపీఏ మీడియన్ లెక్కలో కూడా మనవాళ్ళు ఉండరు, అంటే స్కూల్ చూపించుకోడానికి మిగిలేది ఎల్‌శాట్ ఒక్కటే. నా ఉద్దేశంలో ఇది మన పిల్లలకి మంచి అవకాశం, పాత మార్కులు మార్చలేం, ఎల్‌శాట్ అయితే మన చేతుల్లో ఉంది కదా.

ఆ పరీక్ష 120 నుంచి 180 దాకా స్కోరు. 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ అనే పజిల్ లాంటి ప్రశ్నలు తీసేశారు, ఇప్పుడు వాదనల్లో తప్పొప్పులు పట్టే లాజికల్ రీజనింగ్, రీడింగ్ కాంప్రహెన్షన్, అంతే. మన ఇంజనీర్లు గేమ్స్‌లో మార్కులు లాగేవాళ్ళు, ఆ వెసులుబాటు పోయింది, ఇక చదవడం మీదే పడాలి. ముందెప్పుడూ చూడని ఇంగ్లీష్ పేరాని మూడు నిమిషాల్లో అర్థం చేసుకునే అలవాటు నెలల తరబడి కూర్చుంటే గానీ రాదు. జీవితం మొత్తంలో 7 సార్లే రాయనిస్తారు కాబట్టి ఊరికే ట్రయల్ వేద్దాం అని వెళ్ళకూడదు. జీఆర్‌ఈ కూడా చాలా స్కూల్స్ తీసుకుంటున్నాయి, 2016లో యూనివర్సిటీ ఆఫ్ అరిజోనా మొదలుపెట్టింది, తర్వాత హార్వర్డ్ కూడా, ఎమ్మెస్ కోసం రాసిన స్కోరు ఇంకా చెల్లుతుంటే అడిగి చూడొచ్చు. రెండో మాస్టర్స్‌కి పోసే డబ్బు, టైమ్‌లో కొంచెం ఈ పరీక్ష మీద పెడితే వచ్చే తేడా చాలా ఎక్కువ.

ఇక్కడే పుట్టిన మన పిల్లల విషయంలో నాకు బాధ ఎక్కువ. హైస్కూల్‌లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ క్రెడిట్ కోర్సులు తీసుకుంటారు, ఫ్రీగా క్రెడిట్లు వస్తాయి కదా అని మనమే చేర్పిస్తాం, పదహారేళ్ళ వయసులో అందులో వచ్చిన సీ గ్రేడ్ కూడా ఎల్‌ఎస్‌ఏసీ లెక్కలోకి వస్తుందని ఆ రోజు ఎవరికీ తెలీదు. ఫెయిలైన సబ్జెక్టు మళ్ళీ తీసుకుంటే కాలేజీ పాత గ్రేడ్ తీసేసి కొత్తది పెట్టొచ్చు, ట్రాన్స్‌క్రిప్ట్‌లో రెండూ కనిపిస్తే ఎల్‌ఎస్‌ఏసీ రెండిటినీ లెక్కపెడుతుంది. ఇంకోటి, వాళ్ళకి ఏ మేజర్ కష్టం ఏది సులువు అనే తేడా లేదు, కెమికల్ ఇంజనీరింగ్‌లో 'ఏ' అయినా 4, హిస్టరీలో 'ఏ' అయినా 4, ఏ ప్లస్ ఇచ్చే కాలేజీలో అయితే ఆ ఏ ప్లస్‌కి 4.33. పిల్లవాడికి ఇష్టం లేకపోయినా ప్రీ-మెడ్‌లో పడేసి ఆర్గానిక్ కెమిస్ట్రీలో సీ గ్రేడ్లు తెప్పించి, మూడో ఏడు వచ్చాక "పోనీలే లా చదువుకో" అంటే వాడు ఎక్కడికి పోతాడండి? టాప్ స్కూల్స్‌లో మీడియన్ 3.9 పైనే ఉంది. డిగ్రీ ఇంకా పూర్తవ్వనివాళ్ళు అయితే తొందరపడి ముందే గ్రాడ్యుయేట్ అవ్వకండి, ఉన్న సెమిస్టర్లలో ఆ నంబర్ పైకి లాగే అవకాశం అప్పటిదాకానే ఉంటుంది.

జీపీఏ పోయినంత మాత్రాన అయిపోయినట్టు కాదు. ఎల్‌శాట్ ఎక్కువ, జీపీఏ తక్కువ ఉన్నవాళ్ళని ఇక్కడ స్ప్లిట్టర్ అంటారు, మీడియన్ అంటే వరసలో మధ్యన నిలబడ్డవాడి నంబర్ కాబట్టి 172 తెచ్చినవాడు స్కూల్‌కి ఒకవైపు మేలు చేస్తాడు, 3.2 ఉన్నా తీసుకునే స్కూల్స్ ఉన్నాయి. మార్కులు ఎందుకు తగ్గాయో ఒక పేజీ లోపు వివరణ విడిగా ఇవ్వొచ్చు, నాన్న హాస్పిటల్‌లో ఉన్నాడు, రాత్రిళ్ళు పనిచేశాను, ఏది నిజమో అది సూటిగా. అప్పటికే చేసిన మాస్టర్స్ బాగా ఉపయోగపడేది ఇక్కడే, ఆ తర్వాత నేను ఇలా చదివాను చూడండి అని.

పేటెంట్ లా వైపు వెళ్ళేవాళ్ళకి పై చదువు నిజంగా పనికొస్తుంది. పేటెంట్ ఆఫీసు పరీక్ష రాయాలంటే సైన్స్ లేదా ఇంజనీరింగ్ చదువు ఉండాలి, 2021లో రూల్స్ మార్చినప్పటి నుంచి మాస్టర్స్, పీహెచ్‌డీ కూడా నేరుగా లెక్కలోకి తీసుకుంటున్నారు. బయోటెక్ అయితే పీహెచ్‌డీ ఉన్నవాళ్ళకే పిలుపు ఎక్కువ, ఎలక్ట్రికల్, కంప్యూటర్ అయితే బీటెక్‌తోనే పని నడుస్తుంది. కానీ ఇది జేడీ తర్వాత ఉద్యోగం సంగతి, సీటు సంగతి కాదు. అమెరికా వైస్ ప్రెసిడెంట్ భార్య ఉషా వాన్స్ గారి గురించి పేపర్లలో వచ్చినప్పుడు వాళ్ళ పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి వడ్లూరు దాకా సంబరపడ్డాం, ఆవిడ యేల్‌లో డిగ్రీ, కేంబ్రిడ్జిలో ఎంఫిల్ చేసి మళ్ళీ యేల్‌లో లా చదివారు, అది చూసి మాస్టర్స్ చేస్తే చాలు లా సీటు వస్తుందనుకునే తల్లిదండ్రులు నాకు ఎదురయ్యారు, దయచేసి అలా అనుకోవద్దు.

మన దగ్గర లాసెట్‌కి అలవాటు పడటం కూడా ఒక కారణం అనుకుంటా. మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీకి డిగ్రీలో 45 శాతం, బీసీలకి 42, ఎస్సీ ఎస్టీలకి 40 ఉంటే గేటు దాటేసినట్టే, ఆ తర్వాత ర్యాంకంతా పరీక్షదే. ఇక్కడ అలా కాదు, ప్రతి పాయింటూ కనిపిస్తూనే ఉంటుంది.

చిన్న స్కూల్స్ వదిలేస్తే పేరున్నవాటిలో చాలావాటికి జేడీ ఫీజు ఏడాదికి 70 వేల డాలర్ల పైనే, వీసా మీద ఉన్నవాళ్ళకి ప్రభుత్వ లోన్ రాదు. ఇంత ఖర్చుకి ముందు ఇంకో అనవసరమైన మాస్టర్స్ ఖర్చు ఎందుకు పెట్టిస్తున్నారో తల్లిదండ్రులు కన్సల్టెన్సీని గట్టిగా అడగాలి, ఆ కాలేజీ నుంచి మీకు కమీషన్ ఎంత అని కూడా అడగాలి.

అప్లికేషన్లు సెప్టెంబర్‌లో మొదలవుతాయి, ముందు వచ్చినవి ముందు చూస్తూ పోతారు. అందుకని వేసవిలోపే మీ చదువుల పేజీలో దీని మీద ఒక పూర్తి పేజీ వేయండి, ఇక్కడ లా చదువుతున్న తెలుగు పిల్లలతో, ఇండియాలో డిగ్రీ చేసి జేడీలో చేరినవాళ్ళతో మాట్లాడి రాయించండి. ఎవరితో మాట్లాడాలో నేను చూసి చెప్తాను.

మీ పాఠకురాలు,
ఇర్వింగ్, టెక్సస్